పాత స్పోర్ట్స్ కారు కొనేముందు రిపేరు లెక్క: 2007 కేమన్ ఎస్ మంచిదా, 2010 ఆర్8 మంచిదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చేతిలో మొత్తం 55 లక్షలు ఉన్నాయి. బెంగళూరులో 2007 పోర్షా కేమన్ ఎస్, మాన్యువల్ గేర్లు, 21 వేల కిలోమీటర్లు, 26 లక్షలు. చెన్నైలో 2010 ఆడి ఆర్8 4.2, ఆర్-ట్రానిక్ గేర్‌బాక్స్, 38 వేల కిలోమీటర్లు, 49 లక్షలు. తిరుపతిలో తిప్పుకుంటారు, నెలకోసారి చెన్నై వెళ్తారు, అప్పుడప్పుడు కొండకి. రిపేర్లకి రెండు మూడు లక్షలు పక్కన పెడితే చాలా, రెండింట్లో దేనికి రిస్కు తక్కువ అని అడిగారు.

రెండు మూడు లక్షలు రెండింటిలో ఏ కారుకీ చాలవు. ఆర్8ని 49 లక్షలకి కొంటే మీ దగ్గర మిగిలేది ఆరు లక్షలే. మంచి కారే అయినా మీ బడ్జెట్‌కి అది తప్పు కొనుగోలు. కేమన్ ఎస్ తీసుకోవచ్చు, కానీ ఆరు సిలిండర్లలోకీ కెమెరా దించి చూసిన తర్వాతే. ఓనరు అందుకు ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి. తీసుకున్నా, 12 నుంచి 14 లక్షలు బ్యాంకులో కదపకుండా ఉంచుకోండి.

ఇంత డబ్బు ఎందుకంటే, ఇలాంటి కార్లలో సగటు ఖర్చు లెక్క పనికిరాదు. మూడేళ్లు ఆయిలు, టైర్లు తప్ప ఏమీ అడగని కారు నాలుగో ఏడు ఒక్క బిల్లుతో కొన్న ధరలో సగం లాగేస్తుంది. అందుకని ప్రతి మోడల్ గురించి మూడు సంగతులు తెలుసుకోవాలి. దానికి వచ్చే అతి పెద్ద రిపేరు ఏది? అది చెప్పి వస్తుందా, చెప్పకుండా వస్తుందా? కొనేముందే కనిపెట్టే దారి ఉందా? మీరు చూసిన రెండు కార్లకీ ఈ మూడింటి జవాబులు పూర్తిగా వేరు.

కేమన్ ఎస్: రిస్కు అంతా ఇంజిన్‌లోనే

2006 నుంచి 2008 దాకా వచ్చిన కేమన్ ఎస్‌లో ఉన్నది ఎం97 రకం 3.4 లీటర్ల ఫ్లాట్ సిక్స్, అంటే మూడేసి సిలిండర్లు రెండు పక్కలకీ పడుకుని ఉండే ఇంజిన్. దీనికి రెండు జబ్బులున్నాయి. జనం మొదటిదానికి ఎక్కువ భయపడతారు, భయపడాల్సింది రెండోదానికి.

మొదటిది ఇంటర్మీడియెట్ షాఫ్ట్ బేరింగు. క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ప్రధాన ఇరుసు) ఈ షాఫ్టును తిప్పుతుంది, ఇది చైన్ల ద్వారా వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టుల్ని తిప్పుతుంది. దీని ఒక చివర సీలు వేసిన బాల్ బేరింగు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ సీలు వదులై లోపలి గ్రీజు కొట్టుకుపోతే బాల్స్ అరిగి షాఫ్ట్ ఊగుతుంది, టైమింగ్ తప్పుతుంది, వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. అక్కడితో ఇంజిన్ అయిపోయినట్టే. మీరు చూసిన కారులో ఉన్నది తర్వాత వచ్చిన పెద్ద బేరింగు కాబట్టి పాతవాటికన్నా చాలా నయం. చిక్కేమిటంటే ఇంజిన్‌ని రెండుగా విప్పకుండా అది బయటికి రాదు. క్లచ్ పని కోసం గేర్‌బాక్స్ దించినప్పుడు బేరింగు బయటి సీలు తీసేయిస్తారు. దాంతో ఇంజిన్ ఆయిలే బేరింగుని తడుపుతూ ఉంటుంది. అంతకుమించి చేయగలిగింది లేదు.

రెండోది బోర్ స్కోరింగ్, అంటే సిలిండరు గోడల మీద గీతలు పడటం. ఈ ఇంజిన్‌లో ఇనుప లైనర్లు ఉండవు. సిలికాన్ కలిపిన అల్యూమినియం గోడల మీదే పిస్టన్ నడుస్తుంది. పిస్టన్ పక్కలకి వేసిన ఇనుప పూత లేచిపోతే అల్యూమినియం మీద అల్యూమినియం రుద్దుకుంటుంది. నిలువుగా గీతలు పడతాయి, ఆయిలు పైకెక్కి కాలుతుంది. ఇది రాత్రికి రాత్రి వచ్చేది కాదు, చెప్పే వస్తుంది. వేడెక్కాక ఐడిలింగ్‌లో టిక్ టిక్ శబ్దం, రెండు వైపుల్లో ఒక వైపు ప్లగ్గులు నల్లబడటం, నెలనెలా ఆయిలు తగ్గడం దీని గుర్తులు. ఆ టిక్ శబ్దాన్ని "ట్యాపెట్ సౌండ్ సార్, అన్నిటికీ ఉంటుంది" అని కొట్టిపారేస్తారు. అలా అన్నారంటే కెమెరా తప్పనిసరి.

చూసే పద్ధతి చెప్తాను. ముందురోజే ఓనరుతో అనండి, నేను వచ్చేదాకా కారు స్టార్ట్ చేయవద్దని. వెళ్లగానే సైలెన్సర్ గొట్టం మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి, చల్లటి స్టార్టింగ్‌లో కనిపించేది వేడి మీద కనిపించదు. స్టార్ట్ చేశాక మొదటి కొన్ని సెకన్లు నీలం పొగ రావచ్చు. సిలిండర్లు పడుకుని ఉండే ఇంజిన్ కాబట్టి రాత్రంతా కాస్త ఆయిలు లోపలికి జారుతుంది, అది సహజం. నిమిషం దాటినా పొగ ఆగకపోతే సహజం కాదు.

దట్టమైన తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే కంగారుపడి వెనక్కి రావద్దు. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా వెనక డిక్కీలో ఉన్న ఆయిలు మూత తిప్పి లేపండి. లోపలికి గట్టిగా పీల్చుకుని ఊడనంటే ఎయిర్-ఆయిల్ సెపరేటరు (ఇంజిన్ ఆవిర్లలోంచి ఆయిలుని వేరుచేసే భాగం) పొర చిరిగిందన్నమాట. అది మార్చేస్తే పోయే సామాను, ఇంజిన్ ధరతో పోలిస్తే చిన్న ఖర్చు. అదే పొగ చూసి ఇంజిన్ పోయిందని బేరం వదులుకునేవాళ్లున్నారు, ఇంజిన్ నిజంగా పోయినా సెపరేటరే అని నమ్మించేవాళ్లూ ఉన్నారు. మూత పరీక్ష ఒక్కటే తీర్పు కాదు, కెమెరాతో కలిపి చూడాలి.

తర్వాత లిఫ్ట్ ఎక్కించి ఆయిలు ఫిల్టరు తీయించండి. ఇది ప్లాస్టిక్ డబ్బాలో కూర్చునే కాగితం ఫిల్టరు, కోయనక్కర్లేదు. మడతలు ఒక్కొక్కటే విప్పి తెల్లటి గుడ్డ మీద పిండి, ఎండలో పెట్టి చూడండి. ఆయిలు ఇంకి గుడ్డ మీద రజను మిగులుతుంది. అయస్కాంతం దగ్గరికి తెస్తే అంటుకునే మెరుపు ఉక్కు, అంటే బేరింగు వైపు అనుమానం. అంటుకోని వెండి రంగు పొడి అల్యూమినియం, అంటే పిస్టన్, బోరు వైపు. గోధుమ రంగు ప్లాస్టిక్ పలుకులుంటే టైమింగ్ చైన్ నడిచే పట్టీలు అరుగుతున్నాయి. ఒకటి రెండు మెరుపులు ఏ ఇంజిన్‌లోనైనా ఉంటాయి. వేలితో రాస్తే మెటాలిక్ పెయింట్ అంటినట్టు కనిపిస్తే ఆ కారు వద్దు. ఫిల్టరు నిన్ననే మార్చామని కొత్తది చూపిస్తే పాతది అడగండి. లేదంటే కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మళ్లీ తీసి చూపించమనండి.

ఇక కెమెరా. మామూలుగా స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి దింపుతారు. అక్కడినుంచి సిలిండరు పై భాగమే బాగా కనిపిస్తుంది, గీతలు తరచుగా మొదలయ్యేది అవతలి చివర, క్రాంక్ వైపు. అందుకే ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే సంపు పళ్లెం విప్పించి, పిస్టన్ని పైకి పంపి, కింద నుంచి కూడా చూడమని గట్టిగా అడగండి. ఆయిలు, గాస్కెట్ ఖర్చు మీరే పెట్టుకోండి. ఆయిలు ఎనిమిది లీటర్లకు పైగా పడుతుంది, పోర్షా ఏ40 (కంపెనీ ఆయిలు ప్రమాణం) ఆమోదం ఉన్నదే పోయించండి. ఒక పూట పని అది. 26 లక్షల కొనుగోలులో ఇంతకన్నా విలువైన ఖర్చు లేదు. ఇంజిన్ రీబిల్డుకి దిగితే బిల్లు కారు ధరలో సగం దాటడం మామూలే. బోర్లకి, అంటే సిలిండర్లకి, లోపల కొత్త గొట్టాలు (స్లీవులు) వేయించాలి, పిస్టన్లు, బేరింగులు, చైన్లు దిగుమతి చేసుకోవాలి, సుంకం కట్టాలి.

21 వేల కిలోమీటర్ల మాట నిజమో కాదో ఇంజిన్ కంప్యూటరే చెప్తుంది. పోర్షా సర్వీస్ సెంటర్‌లోని స్కానర్‌తో ఇంజిన్ నడిచిన గంటలు తీయించండి. కిలోమీటర్లను గంటలతో భాగించండి. 700 గంటలుంటే గంటకి 30 కిలోమీటర్లు, నమ్మొచ్చు. 1,900 గంటలుంటే 11 వస్తుంది. వారాంతాల్లో హైవే ఎక్కే కారుకి 11 సగటు రాదు, మీటరు వెనక్కి తిప్పారనే అనుకోవాలి. అదే రిపోర్టులో ఇంజిన్ హద్దు దాటి తిరిగిన సందర్భాలు, అవి ఎన్నో గంటలో జరిగాయో కూడా ఉంటాయి. ఐదో గేరు నుంచి నాలుగుకి వేయబోయి రెండులో పడేస్తే నమోదయ్యేది ఇదే. 700 గంటల కారులో అది 200వ గంటలో జరిగి ఉంటే ఇంజిన్ తట్టుకుందని లెక్క. గత పది ఇరవై గంటల్లో జరిగి ఉంటే వద్దు.

ఆర్8: చెప్పి వచ్చే ఖర్చులు, కానీ వరసగా వస్తాయి

ఆర్8లో 4.2 వీ8 మొత్తమ్మీద గట్టి ఇంజిన్. దాని బరువైన బిల్లు ఆర్-ట్రానిక్ క్లచ్. పేరు చూసి ఆటోమేటిక్ అనుకుంటారు. కాదు. అది మాన్యువల్ గేర్‌బాక్సే, ఎడమకాలు చేసే పని హైడ్రాలిక్ పంపు చేస్తుంది. ఆటోమేటిక్‌లా నడిపితే క్లచ్ కాలిపోతుంది.

మీరు కొండకి వెళ్తామన్నారు కాబట్టి అలిపిరి టోల్‌గేటు దగ్గర శనివారం పొద్దున్నే ఉండే వరస ఊహించుకోండి. కారు రెండడుగులు కదిలి ఆగుతుంది, మళ్లీ రెండడుగులు. ఆ ప్రతి రెండడుగులకీ క్లచ్ సగం పట్టి జారుతుంది. అరగంట అలా నడిపితే హైవే మీద వందల కిలోమీటర్లకి కూడా అరగనంత అరుగుతుంది. పైన ఘాట్ రోడ్డు మలుపుల్లో ముందు బస్సు ఆగితే ఎత్తు మీద యాక్సిలరేటరు పట్టి నిలబెట్టడం ఇంకా చేటు. అలాంటి చోట న్యూట్రల్‌లో వేసి బ్రేకు మీద ఉండాలి, ముందు కారు రెండు కార్ల పొడవు వెళ్లాక ఒకేసారి కదలాలి. ఎత్తు మీదకి రివర్స్ తీయడం వీలైనంత మానాలి.

దీని రిస్కులో మంచి సంగతి ఏమంటే, క్లచ్ ఎంత అరిగిందో స్కానర్‌లో కనిపిస్తుంది. చూడకుండా కొనడానికి సాకే లేదు. సగానికి మించి అరిగి ఉంటే పూర్తి క్లచ్ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. ఇగ్నిషన్ వేయగానే వెనక పంపు గుయ్‌మని కాసేపు తిరిగి ఆగాలి. కారు కదలకుండా ఉన్నా కొద్ది సెకన్లకోసారి మళ్లీ మళ్లీ తిరుగుతుంటే ప్రెషరు నిలవడం లేదు. ప్రెషరుని నిలవ ఉంచే అక్యుములేటరు పోయి ఉండొచ్చు, లేదా పంపే అలిసిపోతోంది.

మ్యాగ్నెటిక్ రైడ్ షాకబ్జార్బర్లు ఉంటే నాలుగింటి కిందా చెయ్యి పెట్టి తుడవండి. తడి తగిలితే కారుతున్నట్టే. వీటిలో ఇనుప రజను కలిపిన ప్రత్యేక ద్రవం ఉంటుంది, ఒక్కొక్కటీ మామూలు షాకబ్జార్బరుకి ఎన్నో రెట్లు. మన రోడ్ల మీద ఇది క్లచ్ తర్వాత రెండో పెద్ద బిల్లు. మూడోది వాల్వుల మీద మసి. పెట్రోలు నేరుగా సిలిండర్లోకే చిమ్ముతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వులు కడగబడవు, మసి పేరుకుని లాగుడు తగ్గుతుంది. మ్యానిఫోల్డ్ విప్పి వాల్‌నట్ చిప్పల పొడితో ఊది శుభ్రం చేయాలి. 38 వేల కిలోమీటర్ల దాకా ఒక్కసారీ చేయించకపోతే మీరే చేయించాలి.

నాలుగు చక్రాలూ తిప్పే కారు కాబట్టి టైర్లు నాలుగూ ఒకే కంపెనీ, ఒకే రకం, అరుగుదల దగ్గరదగ్గరగా ఉండాలి. ముందు రెండు కొత్తవి, వెనక రెండు గుండు అయితే ముందు చక్రాలకి బలం పంచే విస్కస్ కప్లింగ్ మీద ఎప్పుడూ బరువు పడుతూనే ఉంటుంది. ఇవన్నీ ముందే కనిపించేవే. కానీ టైర్లు, ద్రవాలు, మసి పని, షాకబ్జార్బర్లు అని ఆరు లక్షలు మొదటి ఏడాదే కరిగిపోతాయి, క్లచ్ వచ్చేసరికి చేతిలో ఏమీ ఉండదు. ఈ కారే 41, 42 లక్షలకి దిగి, క్లచ్ రీడింగు బాగుంటే అప్పుడు ఆలోచించొచ్చు.

తక్కువ తిరిగిందని సంతోషపడకండి

కేమన్ 18 ఏళ్లకి పైగా తిరిగింది 21 వేల కిలోమీటర్లే అంటే ఏడాదికి 1,200 కూడా కాదు. ఎక్కువకాలం నిలబడిన కారు అది. నిలబడితే ఆయిలు సీళ్లు ఎండుతాయి, బ్రేకు ఆయిలు గాలిలోని తేమ పీలుస్తుంది, ఇథనాల్ కలిసిన పెట్రోలు ట్యాంకులో పాడవుతుంది, రబ్బరు గొట్టాలు పెళుసెక్కుతాయి. ఏడాదికి ఐదారు వేలు తిరుగుతూ, ప్రతి ఏడూ ఆయిలు మార్చిన 70 వేల కిలోమీటర్ల కేమన్ దొరికితే, బోర్లు శుభ్రంగా ఉంటే, దానికే నా ఓటు. బిల్లులు తేదీల వారీగా పేర్చి చూడండి. మధ్యలో మూడేళ్ల ఖాళీ ఉంటే ఆ మూడేళ్లు కారు ఎక్కడ ఉందో అడగాలి. టైరు పక్కన నాలుగంకెలుంటాయి: 2316 అంటే 2016లో 23వ వారం తయారీ. పూలు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటితే మార్చే లెక్కలోనే వేసుకోండి. కేమన్ ఎస్ 18 అంగుళాల చక్రాలకి ముందు 235/40, వెనక 265/40.

మన ఎండకి చూడాల్సినవి

కేమన్ ఇంజిన్ సీట్ల వెనక, కారు మధ్యలో ఉంటుంది, రేడియేటర్లు ముందు బంపరు రెండు మూలల్లో. ఆ సందుల్లోకి టార్చి వేసి చూడండి. ఎండుటాకులు, దుమ్ము, ప్లాస్టిక్ కవరు ముక్కలు పిట్టగూడులా పేరుకుని ఉంటాయి. వాన పడితే అదంతా తడిసి ఏసీ కండెన్సర్‌ని తినేస్తుంది. కొన్న వెంటనే బంపరు విప్పించి శుభ్రం చేయించి, తర్వాత ఏటా ఒకసారి చేయించాలి. కారు నిలబెట్టి ఏసీ వేస్తే ముందు ఫ్యాన్లు రెండూ నెమ్మది వేగంలో తిరగాలి. ఫ్యాన్ రెసిస్టర్ పోతే నెమ్మది వేగం ఉండదు, బాగా వేడెక్కాకే పెద్ద వేగంలో మొదలవుతాయి. ఊటీలో అది తెలియదు. మే నెలలో తిరుపతిలో 42 డిగ్రీల్లో లీలామహల్ సర్కిల్ దగ్గర ఆగితే తెలుస్తుంది. వాటర్ పంపు రెక్కలు ప్లాస్టిక్‌వి, వయసుకి విరుగుతాయి. పాత రికార్డు లేకపోతే కిలోమీటర్లు చూడకుండా పంపు, థర్మోస్టాట్, కూలెంట్ ఒకేసారి మార్పించండి.

ముందు రేడియేటర్ల నుంచి వెనక ఇంజిన్‌కి కూలెంట్ గొట్టాలు కారు పొట్ట కిందుగా వెళ్తాయి. లిఫ్ట్ మీద ఉన్నప్పుడు వాటి పొడవునా చూడండి, స్పీడ్ బ్రేకరు తగిలిన సొట్ట ఉందేమో. పుత్తూరు రోడ్డు మీద ఊరూరా ఉన్న స్పీడ్ బ్రేకర్లని ఏటవాలుగా, ఒక్కో చక్రంతో ఎక్కి దిగాలి.

పెట్రోలు 95 ఆక్టేన్‌కి తగ్గకూడదు. చెన్నై దారిలో ఏ బంకులో ఖాయంగా దొరుకుతుందో ముందే చూసి పెట్టుకోండి. దారిలో ఆగితే ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లాలి, ముందు చక్రాలు లేపి లాగించొద్దు. మనకి దగ్గర సర్వీసు చెన్నై, సుమారు 140 కిలోమీటర్లు. బెంగళూరు 250 దాకా. ఆ రవాణా కూడా ప్రతి రిపేరు బిల్లులో భాగమే.

ఇంకో దారి ఉంది

మీ బడ్జెట్‌కి నేనైతే 2009 తర్వాతి కేమన్ వెతకమంటాను. ఆ ఏడాది ఇంజిన్ పూర్తిగా మార్చారు. కొత్త 9ఏ1 ఇంజిన్లలో ఇంటర్మీడియెట్ షాఫ్టే లేదు, కాబట్టి ఆ బేరింగు బాధ లేదు. అందులోనూ ఎస్ కాని 2.9 లీటర్లది పాత పద్ధతి పోర్ట్ ఇంజెక్షన్, అంటే పెట్రోలు వాల్వుల మీదుగానే లోపలికి వెళ్తుంది, కాబట్టి వాల్వుల మీద మసి సమస్యా రాదు. 265 హార్స్ పవర్, మీ కేమన్ ఎస్ కన్నా 30 తక్కువ. ఘాట్ రోడ్డు మీద ఆ తేడా మీకు తెలియదు. ఐదారు లక్షలు ఎక్కువైనా, రిపేర్లకి పక్కన పెట్టే డబ్బు సగానికి తగ్గించుకోవచ్చు.

ఫెరారీ 360 లాంటి వాటి మీదకి కూడా కన్ను పోతుందేమో. టైమింగ్ బెల్టు కిలోమీటర్లతో పని లేకుండా కొన్నేళ్లకోసారి మార్చాల్సిందే, మీ బడ్జెట్ దానికి సరిపోదు.

కాగితాల గురించి రెండు ముక్కలు. 2007 కారుకి 15 ఏళ్లు దాటాయి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్ అయిందా, ఏ తేదీ దాకా ఉందో ప్రభుత్వ వెబ్‌సైటు పరివాహన్‌లో చూడండి. కర్ణాటక బండి కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), పేరు మార్పుకి ఫారం 29, 30, లోను ఉంటే అది తీరినట్టు ఫారం 35 కావాలి. మన దగ్గర లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్టీఓ ఆఫీసులో లెక్క వేయించుకోండి, కారు ధర చూసి అంచనా వేసుకోవద్దు. ఇన్సూరెన్సు ఎంత పెద్దదైనా అరుగుదల వల్ల పోయే ఇంజిన్‌కి, క్లచ్‌కి రూపాయి ఇవ్వదు. ఓనరు "ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది సార్" అంటే ఆ మాటకి ఈ లెక్కలో విలువ లేదు.

బెంగళూరు వెళ్లేటప్పుడు ఓనరు చెప్పిన మెకానిక్ దగ్గరికి కాకుండా మీరు ఎంచుకున్న చోటికి అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఫిల్టరు మడతలు తెల్లగుడ్డ మీద పిండిన ఫోటో, ఆరు సిలిండర్ల కెమెరా బొమ్మలు, గంటల రీడింగు తెచ్చి ఇక్కడ పెడితే అవి చూసి చెప్తాను. అప్పటిదాకా టోకెన్ అడ్వాన్సు కూడా ఇవ్వకండి.